నాన్న కట్టిన ఓడలో లక్షద్వీప్‌కి

ఓడ పక్క తలుపు తీశారు. కింద ఒక పడవ ఊగుతోంది. ఒక క్షణం అది మన పాదాల ఎత్తుకి వస్తుంది, ఇంకో క్షణంలో నిలువు మనిషంత కిందికి జారిపోతుంది, మళ్లీ పైకి లేస్తుంది. తలుపు దగ్గర ఇద్దరు, పడవలో ఇద్దరు నిలబడి, పడవ పైకొచ్చిన ఆ ఒక్క క్షణంలో మనిషిని రెండు చేతులూ పట్టుకుని అటునుంచి ఇటు అందించేస్తున్నారు. మా ముందు ఒక ముసలావిడ, చేతిలో సంచి, సంచిలో ఉల్లిపాయలు, సంతకెళ్లి వచ్చినంత మామూలుగా దాటేసింది. నాకు మాత్రం కాళ్లు ఆడలేదు. వెనకనుంచి నాన్న "పడవని చూడకు, ఆయన చేతుల్ని చూడు" అన్నాడు. అలాగే చూశాను. ఎప్పుడు దాటానో నాకే తెలీదు.

అది 2019 ఫిబ్రవరి. ఊరు కవరత్తి, లక్షద్వీప్ రాజధాని. ఓడ పేరు కూడా కవరత్తే. ఈ ఓడని కట్టింది మా విశాఖపట్నంలో, హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో. నాన్న అక్కడ వెల్డరుగా చేసి రిటైర్ అయ్యాడు. నా చిన్నప్పటినుంచీ సింధియా దాటి వెళ్తుంటే క్రేన్లు చూపించి "అదిగో అక్కడ" అనేవాడు కానీ, తను పనిచేసిన ఓడ ఎక్కి ఎక్కడికీ వెళ్లింది లేదు. కట్టినవాళ్లకి ఓడ నీళ్లలోకి దిగిన రోజే ఆఖరు. అందుకే రిటైరయ్యాక "ఎక్కడికెళ్దాం నాన్నా" అని అడిగితే కాశీ అనలేదు, రామేశ్వరం అనలేదు, "కవరత్తి ఎక్కుదాం" అన్నాడు. ఆ మాటతోనే నేను లక్షద్వీప్ గురించి మొదటిసారి సరిగ్గా చదవడం మొదలుపెట్టాను. అంతకు ముందు నాకు తెలిసిందల్లా స్కూల్లో మ్యాపు మీద కేరళ పక్కన పెట్టిన నాలుగు చుక్కలు.

ఆ చుక్కల లెక్క ఇది. మొత్తం దీవులు 36 అని పుస్తకాల్లో ఉంటుంది, మనుషులుండేవి 10. అన్నీ కలిపి నేల 32 చదరపు కిలోమీటర్లు. అన్నిటికంటే పెద్దదైన ఆండ్రోత్ 5 చదరపు కిలోమీటర్ల లోపే, అంటే హుస్సేన్‌సాగర్‌ని ఎండగట్టి కొబ్బరిచెట్లు నాటితే దాదాపు అంత. అన్నిటికంటే చిన్నదైన బిత్రాలో 2011 జనాభా లెక్కల్లో 271 మంది ఉన్నారు. మన దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో అంతకంటే ఎక్కువమంది ఉంటారు, కానీ అది ఒక ఊరు, దానికి బడి ఉంది, మసీదు ఉంది, పంచాయతీ ఉంది. మొత్తం లక్షద్వీప్ జనాభా అదే లెక్కల ప్రకారం 64,473. నేల కొంచెమే కాబట్టి చదరపు కిలోమీటరుకి 2 వేల మందికి పైగా పడతారు. బొమ్మల్లో నిర్మానుష్యంగా కనిపించే ఇసుక తిన్నెలు చూసి అక్కడెవరూ ఉండరనుకుంటాం కదా, ఊళ్లో నడిస్తే ఇంటికీ ఇంటికీ మధ్య సందులే.

నేల కొంచెం, సముద్రం మాత్రం అపారం. ఈ చుక్కల చుట్టూ మన దేశానికి దక్కే ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే చేపల మీదా ఖనిజాల మీదా మనకే హక్కుండే సముద్రం, 4 లక్షల చదరపు కిలోమీటర్లు. ఢిల్లీకి ఈ దీవులు ఎందుకంత ముఖ్యమో ఈ ఒక్క అంకె చెబుతుంది. అరేబియా సముద్రంలో తిరిగే పెద్ద పెద్ద సరుకు ఓడల దారి కూడా దక్షిణపు కొసనున్న మినికాయ్ దీవి పక్కనుంచే.

ఈ దీవులు మట్టితో అయినవి కావు. సముద్రం అడుగున మునిగిపోయిన కొండల శిఖరాల మీద పగడాలనే చిన్న సముద్రజీవులు వేల ఏళ్లపాటు పెరిగి, చచ్చి, మళ్లీ పెరిగి, ఆ పొడే ఇసుకై, ఆ ఇసుకే నేలైంది. ఎక్కువ దీవుల్లో నేల తూర్పు అంచున సన్నగా ఉంటుంది, పడమటి వైపు లగూన్, అంటే లోతు తక్కువ ఉన్న సముద్రపు మడుగు, ఉంటుంది, లగూన్‌కి అవతల పగడపు గోడ. ఆ గోడ దగ్గరే అలలు విరిగిపోతాయి. లోపల నీళ్లు కదలవు. నీలిరంగు అంటే ఏమిటో అక్కడ చూశాకే అర్థమైంది, మన ఆర్‌కే బీచ్‌లో ఆ రంగు ఉండదు. ఆ గోడ లేకపోతే దీవి లేదు. నేల ఎత్తు చాలాచోట్ల ఒకటి రెండు మీటర్లే. బంగారం దీవి పక్కన పరాలి అని చిన్న చిన్న తునకలుండేవి, మనుషులు లేనివి, వాటిల్లో ఒకటి పూర్తిగా కోసుకుపోయి ఇప్పుడు లేదు. అందుకే కొందరు 36 కాదు 35 అంటున్నారు.

ఇంకొకటి చెప్పాలి, నీళ్ల సంగతి. నేను అక్కడినుంచి తెచ్చుకున్న ఆలోచనల్లో నన్ను వదలనిది ఇదే. దీవిలో ఏరు లేదు, చెరువు లేదు, కొండ లేదు. వాన కురిస్తే ఇసుకలోంచి కిందికి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతుంది. పాల మీద మీగడలా అనుకోండి. బావి తవ్వితే వచ్చేది ఆ మీగడే. చేద వేసి తోడితే ఫర్వాలేదు, మోటారు పెట్టి లాగితే మీగడ తెగిపోయి అడుగునున్న ఉప్పు పైకి వస్తుంది, ఆ తర్వాత ఆ బావి మళ్లీ మామూలు కావడానికి ఎన్ని వానలు కావాలో. పైగా మరుగుదొడ్ల గుంతలు కూడా ఆ ఇసుకలోనే.

దీనికి మన శాస్త్రవేత్తలు చేసిన పని నిజంగా గొప్పది. కవరత్తిలో 2005లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఒక ప్లాంటు పెట్టింది. దీవి అంచు దాటి కొద్ది వందల మీటర్లు వెళ్లగానే సముద్రం లోయలా దిగిపోతుంది కదా, అక్కడ 350 మీటర్ల లోతుకి పెద్ద గొట్టం వేసి చల్లటి నీళ్లు లాగుతారు. పైనున్న వెచ్చటి నీటిని గాలి తీసేసిన తొట్టెలోకి పంపితే, పొయ్యి లేకుండానే కొంత ఆవిరైపోతుంది. ఆ ఆవిరికి లోతునుంచి తెచ్చిన చల్లటి నీళ్ల గొట్టాలు తగిలితే మంచినీళ్లు. రోజుకి లక్ష లీటర్లు. తర్వాత మినికాయ్, అగత్తిల్లో పెట్టారు, మిగతా దీవుల్లో కూడా ఒక్కొక్కటిగా వస్తున్నాయి, కడమత్‌లోది 2024 జనవరిలో మొదలైంది. మేం కవరత్తి ప్లాంటుని బయటనుంచే చూశాం. నాన్న ఆ గొట్టం ఎక్కడ సముద్రంలోకి దిగుతుందో చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. "ఆ గొట్టం అక్కడ నిలబెట్టడమే అసలు పని, మిగతాదంతా మామూలే" అన్నాడు. తుఫాను అల కింద గొట్టాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో ఆయనకి తెలిసినంత నాకు తెలీదు.

ఓడలో మాతోపాటు వచ్చినవాళ్లలో టూరిస్టులు సగం, దీవులవాళ్లు సగం. కొచ్చిలో విల్లింగ్డన్ ఐలాండ్ దగ్గర ఎక్కేటప్పుడే వాళ్ల సామాను చూస్తే దీవి బతుకు అర్థమవుతుంది. ఫ్యాను డబ్బా, కోడిగుడ్ల ట్రేలు, స్కూలు యూనిఫాం బట్టలు, ఒకాయన భుజం మీద ప్లాస్టిక్ పైపుల కట్ట. బియ్యం, పప్పు, కూరగాయలు, సిమెంటు, ఇనుము, కరెంటు పుట్టించే జనరేటర్లకి డీజిలు, అన్నీ సముద్రం మీదే రావాలి. మే మధ్యలో వర్షాకాలం మొదలైతే సెప్టెంబరు దాకా చిన్న పడవలు తిరగవు, కాబట్టి ముందే సరుకు నింపి పెట్టుకోవాలి. మా పక్క బెర్తులో కవరత్తి బడిలో పాఠం చెప్పే టీచరమ్మ ఉన్నారు, హిందీ బాగా మాట్లాడారు. "మీకు రైలు తప్పితే ఇంకో రైలుంటుంది. మాకు ఓడ తప్పితే పెళ్లి తప్పినట్టే, పరీక్ష తప్పినట్టే" అన్నారు. ఓడలు మరమ్మతుకి ఆగిపోయినప్పుడల్లా టిక్కెట్ల కోసం ఎంత టెన్షనో, ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు కూడా ఎలా వరసలో నిలబడాల్సి వస్తుందో చెప్పారు. విమానం ఉంది కానీ అది అగత్తిలో ఒక్కచోటే, రన్‌వే చిన్నది కాబట్టి చిన్న విమానాలే దిగుతాయి. మిగతా దీవులవాళ్లు అగత్తి చేరడానికి కూడా పడవే ఎక్కాలి. ప్రాణం మీదికొస్తే హెలికాప్టరు.

నాన్న ఆ మాటలు వింటూ ఏమీ అనలేదు. కాసేపయ్యాక డెక్కు మీద రైలింగ్ పట్టుకుని "700 మంది, 200 టన్నుల సరుకు అని అంకెలే తెలుసు నాకు. ఎవరెక్కుతారో అప్పుడు తెలీదు" అన్నాడు.

రెండో రోజు కల్పేని. చిన్న దీవి, 2011లో 4,400 పైచిలుకు మంది. ఆడపిల్లల్ని మొదట బడికి పంపిన దీవి ఇదేనని లక్షద్వీప్‌వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. 1847లో వచ్చిన పెను తుఫాను ఈ దీవినీ ఆండ్రోత్‌నీ ఊడ్చేసిందట, తూర్పు ఒడ్డున పగడపు రాళ్లు గట్టులా పేరుకుని ఉన్నాయి. 2017 డిసెంబరులో ఓఖి తుఫాను కూడా కల్పేని, మినికాయ్‌లని గట్టిగా కొట్టింది. మేం వెళ్లినప్పటికి ఏడాది దాటినా ఒడ్డున తలలు తెగిన కొబ్బరిచెట్లు అక్కడక్కడా అలాగే నిలబడి ఉన్నాయి.

కల్పేనిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక మాకు దారి చూపిస్తున్న కుర్రాడు వాళ్ల ఇంటి గురించి మాట్లాడుతూ "మా అమ్మ వాళ్ల ఇల్లు" అని ఊరుకోకుండా "ఇల్లు అమ్మదే ఉంటుంది" అన్నాడు. జనాభాలో 96 శాతానికి పైగా ముస్లింలు, అయినా ఆస్తి తల్లి వంశంలో దిగుతుంది. తరవాడు అంటారు, తల్లివైపు ఉమ్మడి కుటుంబం. ఉమ్మడి ఆస్తిని శుక్రవారం ఆస్తి అంటారు, అది ఆడవాళ్ల వంశంలోనే పోతుంది, అమ్మడానికి ఒక్కరికి హక్కుండదు. మనిషి తన కష్టంతో సంపాదించుకున్నది సోమవారం ఆస్తి, అది ఇస్లామిక్ చట్టం ప్రకారం పిల్లలకి పంచుతారు. ఒకే ఇంట్లో రెండు రకాల ఆస్తి, రెండు రకాల వారసత్వం, వాటికి వారాల పేర్లు. పాతరోజుల్లో మగవాడు పెళ్లయ్యాక కూడా తల్లి ఇంట్లోనే ఉంటూ రాత్రికి భార్య ఇంటికి వెళ్లేవాడట. ఇప్పుడు విడి కాపురాలు పెరిగాయి, అయినా కూతురికి ఇల్లు ఉండాలన్న మాట పోలేదు. మన దగ్గర ఆడపిల్ల పుట్టగానే "ఎక్కడికో వెళ్లిపోయేది" అంటాం. అక్కడ ఆడపిల్లే ఇంట్లో మిగిలేది. ఈ ఒక్క సంగతి అమ్మకి ఫోన్లో చెబుతుంటే ఆవిడ మళ్లీ చెప్పించుకుంది.

భాష మలయాళంలాగే వినిపిస్తుంది కానీ కొచ్చివాళ్లకే సరిగ్గా అర్థం కాదట, జెసరి అంటారు. ఇంకో విషయం, ఈ దీవుల్లో కుక్కలుండవు. వీధిలో నడుస్తుంటే ఏదో లోటుగా అనిపించి, కాసేపటికి అదేమిటో తెలిసింది. కుక్కలు లేవు కాబట్టి రేబిస్ కూడా లేదు.

అక్కడినుంచి మినికాయ్‌కి రాత్రంతా ప్రయాణం. మధ్యలో నైన్ డిగ్రీ ఛానెల్, సుమారు 200 కిలోమీటర్ల వెడల్పు, ఓడ బాగా ఊగింది. మినికాయ్ మిగతా దీవులకి దూరం, మాల్దీవులకి దగ్గర. మాట కూడా మలయాళం కాదు, మహల్ అంటారు, మాల్దీవుల ధివేహికి చుట్టం, రాత కుడినుంచి ఎడమకి. ఊరు వాడలుగా ఉంటుంది, ఒక్కో వాడకి ఒక పెద్దమనిషి, ఆడవాళ్లకి వేరే పెద్ద. శుభ్రం ఎంతంటే, వాడల సందుల్లో ఇసుకని కూడా ఊడ్చి గీతలు పెట్టినట్టు ఉంచుతారు. మగవాళ్లు ఎందరో ప్రపంచమంతా తిరిగే సరుకు ఓడల్లో పనికి వెళ్తారు. 1885లో కట్టిన లైట్‌హౌస్ ఉంది, నాన్న మోకాళ్ల నొప్పితో కూడా పైదాకా ఎక్కాడు.

లైట్‌హౌస్ దిగాక ఒక పెద్దాయన ఇంటి ముందు చాపమీద ఎండబెట్టిన నల్లటి కొయ్యముక్కల్లాంటివి చూసి వంటచెరకు అనుకున్నాను. ఆయన ఒకటి చేతికిచ్చాడు. రాయిలా ఉంది, వాసన చూస్తే పొగ, చేప. మాస్ అంటారు, మిగతావాళ్లు మాస్‌మీన్ అంటారు. స్కిప్‌జాక్ ట్యూనా అది, మావైపు సూర అనే జాతి చేపల్లోదే. కోసి, ఉప్పునీళ్లలో ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి, అలా కొయ్యలా అయ్యేదాకా చేస్తారు. అప్పుడు నెలల తరబడి పాడవదు. ఫ్రిజ్ లేని కాలంలో నెలల పాటు సముద్రం మీద తిరిగేవాళ్లు కనిపెట్టిన వంట. చాకుతో పలచగా చెక్కి కొబ్బరితో కలిపి పెట్టారు. నాకు చాలా నచ్చింది, నాన్నకి నచ్చలేదు.

ఆ చేపని పట్టే పద్ధతి గురించి ఆయన చేతులతో అభినయించి చెప్పాడు. తెల్లవారుజామున లగూన్‌లో చిన్న చిన్న ఎరచేపల్ని వలతో పట్టి, పడవ అడుగున నీళ్లు నింపిన అరలో బతికించి ఉంచుతారు. సముద్రంలోకి వెళ్లి, పక్షులు ముసురుతున్నచోట సూర గుంపు ఉందని పోల్చుకుని, బతికున్న ఎరని చల్లుతారు, పైనుంచి నీళ్లు చిమ్ముతారు, నీటి పైపొర చిందరవందరై చిన్నచేపల గుంపు ఉన్నట్టే కనబడుతుంది. పడవ వెనకభాగాన వరసగా నిలబడ్డవాళ్లు వెదురు గడలతో, ముల్లు లేని కొక్కేలతో ఒక్కో చేపనీ లాగి వెనక్కి విసురుతారు. కొక్కేనికి ముల్లు లేదు కాబట్టి చేప దానంతటదే ఊడి డెక్కు మీద పడుతుంది. ఒక్కో గడకి ఒక్కో చేప. వలలో తాబేలు పడటం, డాల్ఫిన్ పడటం లేవు. 1960ల తర్వాత ప్రభుత్వం ఇచ్చిన ఇంజన్ పడవలతో ఈ మినికాయ్ విద్య మిగతా దీవులకి కూడా పాకింది.

అయితే ఎరచేప ఎక్కడినుంచి వస్తుంది? లగూన్ నుంచి. లగూన్ ఎందుకుంది? పగడం బతికుంది కాబట్టి. సముద్రం వేడెక్కితే పగడం తెల్లబడిపోతుంది, వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. 1998లో, 2010లో, 2016లో అలాగే అయింది, 2024లో మళ్లీ తీవ్రంగా తెల్లబడిందని కొచ్చిలోని సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చెప్పింది. అలల్ని ఆపే గోడా అదే, చేపల్ని సాకే ఇల్లూ అదే.

చేప పోతే వాళ్లకి మిగిలేది కొబ్బరి. కొబ్బరి, కురిడి, పీచు. పాతకాలంలో పీచు తాడే వాళ్ల డబ్బు. కన్ననూరు అరక్కల్ పాలకులు పీచు కొనుగోలు తమ గుప్పిట్లో పెట్టుకుని, బదులుగా బియ్యం ఇచ్చేవారు, ధర వాళ్లు నిర్ణయించిందే. ఇప్పుడు కొబ్బరికి అంత బరువు లేదు, అక్కడ స్థిరమైన రాబడి అంటే ప్రభుత్వ ఉద్యోగమే. అందుకే ఒక కాంట్రాక్టు ఉద్యోగం తీసేసినా ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటుంది.

పాలన సంగతికి వస్తే మనకీ వాళ్లకీ ఒక పాత బంధుత్వం ఉంది. 1953 దాకా మన ఆంధ్ర జిల్లాలూ ఈ దీవులూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉండేవి, వాళ్లు మలబారు, దక్షిణ కెనరా జిల్లాల కింద. 1956 నవంబరు 1న, అంటే మన ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజునే, లక్షద్వీప్ కేంద్రపాలిత ప్రాంతమైంది. మనం పండగ చేసుకునే రోజు వాళ్లది కూడా. ఆఫీసులు మాత్రం 1964 దాకా కోజికోడ్‌లోనే ఉన్నాయి, తర్వాతే కవరత్తికి వచ్చాయి. లక్షద్వీప్ అన్న పేరు 1973లో పెట్టింది.

శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేడు. ఢిల్లీ పంపే అడ్మినిస్ట్రేటర్ ఉంటాడు. చట్టం కావాలంటే పార్లమెంటు చేయాలి, లేదా రాష్ట్రపతి పేరుతో రెగ్యులేషన్ రావాలి. కోర్టు కేరళ హైకోర్టు. పంచాయతీలున్నాయి. లోక్‌సభలో ఒకే ఒక్క సీటు, ఓటర్లు 2024లో 57 వేల పైచిలుకు, దేశంలో ఇంత చిన్న నియోజకవర్గం ఇంకోటి లేదు. మన పార్లమెంటు సీట్లలో 15 లక్షలు దాటడం మామూలే కదా. పి.ఎం. సయీద్ 1967 నుంచి 2004 దాకా వరసగా పదిసార్లు గెలిచారు, లోక్‌సభ డిప్యూటీ స్పీకర్ కూడా అయ్యారు, 2004లో 71 ఓట్లతో ఓడిపోయారు. అక్కడ 71 ఓట్లంటే ఎవరింటి ఓట్లో చెప్పగలరు. పోలింగ్ శాతం ఎప్పుడూ ఎక్కువే, 80 దాటుతుంది. ఆ ఒక్క ఓటే వాళ్ల చేతిలో ఉన్న గొంతు.

2021లో ఇది బయటపడింది. అభివృద్ధి ప్రాధికార సంస్థ పేరుతో, అవసరమనుకున్న భూమిని తీసుకునే అధికారం ఇచ్చే ముసాయిదా ఒకటి, ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీకి నిలబడకూడదనే ముసాయిదా ఇంకొకటి, గోవధ నిషేధానికి ఒకటి, నేరాలు అంతగా లేని దీవుల్లో నేరం చేయకముందే నిర్బంధించే చట్టానికి ఇంకొకటి, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. బడి భోజనంలోంచి మాంసం తీసేశారు. జూన్ 7న దీవులన్నిట్లో జనం ఇళ్లలోనే 12 గంటలు నిరాహారదీక్ష చేశారు, కేరళ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అభివృద్ధి వద్దని అక్కడ ఎవరూ అనరు. మంచి ఆసుపత్రి, ఎక్కువ ఓడలు, ఇంటర్నెట్, ఇవన్నీ వాళ్లే అడుగుతున్నారు. 2024 జనవరిలో కొచ్చినుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చినప్పుడు ఎంత సంతోషించారో. కానీ 32 చదరపు కిలోమీటర్లలో భూమి ఎవరిదన్న ప్రశ్న అన్నిటికంటే పెద్దది. జనాభాలో దాదాపు 95 శాతం షెడ్యూల్డ్ తెగలవాళ్లు, బయటివాళ్లు భూమి కొనలేరు, మనం వెళ్లాలన్నా పర్మిట్ తీసుకోవాలి. అందుకోసం పోలీస్ స్టేషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి మాకు కూడా రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలు నేను విసుక్కున్నాను. వెళ్లొచ్చాక ఆ పర్మిట్ ఉండాలనే అంటాను.

2024 జనవరిలో ప్రధాని అక్కడికి వెళ్లొచ్చాక, మాల్దీవుల ఉపమంత్రులు ఏదో అన్నాక, మా ఆఫీసులో అందరూ ఒక్కసారిగా లక్షద్వీప్ గురించే. నువ్వు వెళ్లావు కదా, ఎంతవుతుంది, మందు దొరుకుతుందా అని. బంగారం దీవిలో తప్ప ఎక్కడా మద్యం లేదు. నేను వాళ్లకి నీళ్ల సంగతి, ఆ మీగడ పొర సంగతి చెప్పడం మొదలుపెడితే ఎవరికీ వినే ఓపిక లేదు. మాల్దీవుల్లో మనుషుల్లేని దీవులు చాలా ఉన్నాయి, వాటిల్లో ఎన్నో ఒక్కోటీ ఒక్కో రిసార్టు అయ్యాయి. ఇక్కడ దీవులు తక్కువ, మనుషులున్నవి నిండిపోయాయి. ఒక్కో టూరిస్టు రోజుకి రెండుసార్లు షవర్ కింద నిలబడితే ఆ నీళ్లు ఎక్కడినుంచి రావాలి, ఆ మురుగు ఎటు పోవాలి, ప్లాస్టిక్ సీసాలు ఏ ఓడ వెనక్కి తెస్తుంది? మేం వెళ్లిన పద్ధతిలో పగలు దీవిలో, రాత్రి ఓడలో. పడక, స్నానం, చెత్త అన్నీ ఓడలోనే. నాకు అదే సరైన పద్ధతి అనిపిస్తుంది, సౌకర్యం తక్కువైనా సరే.

2021 డిసెంబరు మొదట్లో ఒకరోజు పొద్దున్నే నాన్న ఫోన్ చేశాడు. కవరత్తి ఓడ ఇంజన్ గదిలో మంటలట, కరెంటు పోయిందట, 600 మందికి పైగా ఉన్నారట. ఎవరికీ ఏమీ కాలేదని, కోస్ట్‌గార్డ్ చేరిందని టీవీలో వచ్చేదాకా ఆయన భోజనం చేయలేదు. "అందులో ఆ టీచరమ్మ ఉందేమో" అని నాలుగుసార్లు అన్నాడు. ఆవిడ నంబరు మా దగ్గర లేదు.

2019లో మా తిరుగు ప్రయాణంలో ఆవిడ లేరు, వేరేవాళ్లు ఎక్కారు. మా ఎదురు బెర్తులో నెలలు నిండుతున్న అమ్మాయి, తోడు వాళ్లమ్మ, కాన్పుకి కొచ్చి వెళ్తున్నారు. ఆ అమ్మాయికి పై బెర్తు పడింది. నాన్న తన కింది బెర్తు ఇచ్చేసి, పైకెక్కే ముందు గోడకి ఉన్న ప్లేటు అతుకు మీద బొటనవేలు పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకసారి రాశాడు. వాళ్లమ్మ మాకు అరిటాకులో చుట్టిన ద్వీప్ ఉండలు నాలుగు ఇచ్చింది. కొబ్బరి, బెల్లం, మన లౌజులాగే ఉంది, కాకపోతే బెల్లం కొబ్బరికల్లుది. రెండు మేం తిన్నాం, రెండు అమ్మకి దాచాం.